మాడ్యులర్ వీడియో మ్యాట్రిక్స్ స్విచ్: పోయింది కార్డా, తీగా, ఫ్రేమా?

పర్లాకిమిడి వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడిలో మూడు సభామందిరాలున్న ఒక శిక్షణ సంస్థలో ఏడాదిగా తెరలు, కెమెరాలు, మైకుల బాధ్యత చూస్తున్నాను. నాకు ముందు ఈ పని చూసినవారు ర్యాకులో ఒక మాడ్యులర్ వీడియో మ్యాట్రిక్స్ స్విచ్‌ను (ఏ పరికరం బొమ్మనైనా ఏ తెరకైనా పంపే, కార్డులను విడివిడిగా మార్చుకోగల పెట్టెను) బిగించి, ఏ తీగ ఎక్కడికి వెళుతుందో ఒక్క ముక్క కూడా రాసిపెట్టకుండా వెళ్ళిపోయారు. ఫ్రేములో, అంటే కార్డులు గుచ్చే పెట్టెలో, ఇన్‌పుట్ కార్డులకు నాలుగు, అవుట్‌పుట్ కార్డులకు నాలుగు స్లాట్లు ఉన్నాయి. కార్డుకు నాలుగు పోర్టుల చొప్పున 16 ఇన్‌పుట్లు, 16 అవుట్‌పుట్ల వరకు పెంచుకోవచ్చు. ప్రస్తుతం రెండు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ కార్డులు, కెమెరాల కోసం ఒక ఎస్‌డీఐ ఇన్‌పుట్ కార్డు, ఒక హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ కార్డు, దూరపు తెరల కోసం క్యాట్ 6 (నెట్‌వర్క్ రకం) తీగ మీద బొమ్మను పంపే రెండు హెచ్‌డీబేస్‌టీ అవుట్‌పుట్ కార్డులు ఉన్నాయి. మిగిలిన రెండు స్లాట్లు మూత లేకుండా తెరిచే ఉన్నాయి.

ఇబ్బందులు నాలుగు. పెద్ద మందిరంలోని ప్రొజెక్టర్‌కు ర్యాకు నుంచి సుమారు 60 మీటర్ల క్యాట్ 6 తీగ వెళుతుంది. ఉదయమంతా బాగానే ఉండి, మధ్యాహ్నం రెండు దాటాక బొమ్మ రెండు మూడు సెకన్ల పాటు ఆగిపోయి మళ్ళీ వస్తుంది. రెండవది, ఉపన్యాసకుని ల్యాప్‌టాప్‌ను వరండాలోని కొత్త టీవీకి పంపితే చక్కగా కనిపిస్తుంది గాని, అదే బొమ్మను పెద్ద మందిరానికి కూడా కలిపితే ప్రొజెక్టర్ ‘సిగ్నల్ లేదు’ అంటుంది. మూడవది, రికార్డింగ్ గదికి కెమెరా బొమ్మ ఎప్పుడూ వస్తుంది, కొన్ని ల్యాప్‌టాప్‌ల బొమ్మ మాత్రం నల్లగా ఉంటుంది. నాలుగవది, మొన్న వైశాఖంలో పిడుగు పడినప్పటి నుంచి, ఆవరణ అవతలి భవనంలోని రెండవ మందిరానికి వెళ్ళే హెచ్‌డీబేస్‌టీ పోర్టు దీపం వెలగడం లేదు.

మాకు సరుకు అమ్మినవారు వచ్చి చూసి, ఫ్రేము పాతబడింది, మొత్తం మార్చాలి అన్నారు. వారు చెప్పిన ధర మా కమిటీ ముందు పెట్టడానికే నాకు నోరు రావడం లేదు. లోపం కార్డులో ఉందో, ఫ్రేములో ఉందో, తీగలో ఉందో నా అంతట నేను తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉంటే దయచేసి వివరించండి.

బరంపురం బిగింపులవాడు (జవాబు)

నమస్కారం. మీరు రాసిన నాలుగింటిలో మొదటి మూడింటికీ ఫ్రేముకూ సంబంధం ఉండకపోవచ్చునని నా అనుమానం. ఒకవేళ కార్డులన్నీ గుచ్చుకునే ఫ్రేము వెనుక పలకే చెడి ఉంటే, ఉదయం బాగుండి మధ్యాహ్నం చెడటం, ఒక ల్యాప్‌టాప్‌కు పలికి మరొక ల్యాప్‌టాప్‌కు పలకకపోవడం వంటి ఎంపికలు అది చేయదు. మాడ్యులర్ పెట్టెకు మనం ఎక్కువ డబ్బు పెట్టేదే విడదీసి చూడగలిగే సౌలభ్యం కోసం. దానిని మొత్తంగా మార్చమనేవారి మాటను పక్కన పెట్టి, ముందుగా ఈ మార్పిడి పరీక్షలు చేయండి.

మొదట ఏ తీగ ఏ పోర్టులో ఉందో ఫోటో తీసి, పోర్టు నంబర్లతో కాగితం మీద రాసుకోండి. పెట్టెను నడిపించే కంట్రోల్ కార్డులోని సెట్టింగులను ఫైలుగా కంప్యూటర్‌లో దాచుకోండి. తర్వాత పెద్ద మందిరం తీగను ఇప్పుడున్న పోర్టు నుంచి తీసి, రెండవ హెచ్‌డీబేస్‌టీ కార్డులో ఖాళీగా ఉన్న పోర్టుకు మార్చి, మ్యాట్రిక్స్‌లో ఆ పోర్టుకు అదే ఇన్‌పుట్‌ను కలిపి రెండు రోజులు చూడండి. మధ్యాహ్నపు లోపం తీగతో పాటు కొత్త పోర్టుకు వచ్చేస్తే కార్డు నిర్దోషి. పాత పోర్టు దగ్గరే ఉండిపోతే కార్డును అనుమానించవచ్చు. అలాగే పిడుగు తగిలిన పోర్టు విషయంలో ఆ కార్డును పక్క స్లాటులోకి మార్చండి. లోపం కార్డుతో పాటు కదిలితే కార్డు పోయినట్టు, స్లాటులోనే ఉండిపోతే ఫ్రేము పోయినట్టు. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా ఫ్రేములలో పోర్టు నంబరు స్లాటును బట్టి వస్తుంది గనుక, కార్డు జరిగితే పాత ప్రీసెట్లు (ముందే దాచుకున్న కలయికలు) వేరే తెరలను పిలుస్తాయి. అది కొత్త లోపం అనుకుని కంగారు పడకండి.

కార్డు తీసేముందు విద్యుత్తు పూర్తిగా ఆపండి. పవర్ సప్లైలు రెండు ఉంటే రెండు తీగలనూ పీకాలి. చేతికి యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకుని, కార్డును అంచుల దగ్గరే పట్టుకోండి. అంచున ఉన్న బంగారు పూత పళ్ళను బడిపిల్లల రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. ఆ పూత చాలా పలచన, నాలుగుసార్లు రుద్దితే దాని కింద ఉన్న లోహం బయటపడుతుంది. నూలు పోగులు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడిస్తే చాలు.

ఇక మీ రెండవ ఇబ్బంది ఈడీఐడీ వ్యవహారం. ప్రతి తెరలోనూ 128 బైట్ల చిన్న పట్టిక ఒకటి, తరచుగా దానికి మరో 128 బైట్ల అనుబంధం ఉంటాయి. తాను ఏయే కొలతల బొమ్మను చూపగలదో, ఏ రకం శబ్దం తీసుకోగలదో తెర అందులో చెబుతుంది, ల్యాప్‌టాప్ దానిని చదివి ఆ ప్రకారం బొమ్మను పంపుతుంది. మధ్యలో మ్యాట్రిక్స్ ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌కు తెర నేరుగా కనిపించదు, ఇన్‌పుట్ కార్డు ఏ పట్టికను చూపిస్తే దానినే నమ్ముతుంది. మీ కార్డు వరండాలోని టీవీ పట్టికను నకలు చేసి చూపిస్తూ ఉండాలి. టీవీ 3840×2160 (4కే) రకమైతే ల్యాప్‌టాప్ అంత పెద్ద బొమ్మనే పంపుతుంది, పాత ప్రొజెక్టర్ దానిని అరిగించుకోలేదు. పైగా తొలి తరాల హెచ్‌డీబేస్‌టీ దారి సెకనుకు 10.2 గిగాబిట్లకే పరిమితం. సెకనుకు 60 ఫ్రేముల 4కే బొమ్మ పూర్తి రంగులతో రావాలంటే 18 గిగాబిట్ల దారి కావాలి కనుక ప్రొజెక్టర్ కొత్తదైనా అది ఆ తీగలో దూరదు. కాబట్టి అన్ని హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లకూ 1920×1080, 60 హెర్ట్జ్, రెండు చానళ్ళ పీసీఎం (కుదించని) శబ్దం అని ఒకే స్థిరమైన ఈడీఐడీని కేటాయించండి. టీవీ ఆ బొమ్మను తానే పెద్దది చేసుకుంటుంది. ప్రొజెక్టర్ 1080ను కూడా ఒప్పుకోని రకమైతే, ఆ ఒక్క తెర కోసం బొమ్మ కొలతను మార్చే స్కేలర్ ఉన్న అవుట్‌పుట్ కార్డు కావాలి.

మూడవది హెచ్‌డీసీపీ, అంటే బొమ్మను నకలు చేసుకోకుండా వేసే తాళం. రికార్డర్ ఆ రక్షణను ఒప్పుకోని పరికరం అయి ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు, ఎదుటి పరికరం హెచ్‌డీసీపీ తెలిసినదని కనిపించగానే, తమ సొంత డెస్క్‌టాప్ బొమ్మను కూడా తాళం వేసి పంపుతాయి. తాళం తీయలేని చోటికి మ్యాట్రిక్స్ ఆ బొమ్మను పంపదు, నలుపు చూపిస్తుంది. కెమెరాకు ఆ గొడవ లేదు గనుక అది వస్తోంది. ఉపన్యాసకుల ల్యాప్‌టాప్ తగిలించే పోర్టులకు ఇన్‌పుట్ కార్డు సెట్టింగులలో హెచ్‌డీసీపీని ఆపివేస్తే, ల్యాప్‌టాప్ తన స్లయిడ్లను తాళం లేకుండా పంపుతుంది. అప్పుడు డబ్బు కట్టి చూసే సినిమాలు ఆ పోర్టు గుండా రావు. అవి రికార్డు కాకూడదు కూడా.

రాయగడ కరెంటు పనివాడు (జవాబు)

వీడియో సంగతి నాకు అంతగా తెలియదు గాని, నాలుగవ ఇబ్బందిలో మీరు రాసిన ‘ఆవరణ అవతలి భవనం’ అనే మాట దగ్గర ఆగాను. ఆ భవనానికి వేరే మీటరు, వేరే ఎర్త్ గుంత ఉన్నాయా? ఉంటే, పిడుగు పడిన క్షణంలో రెండు గుంతల మధ్య కొన్ని వేల వోల్టుల తేడా వస్తుంది, రెండింటినీ కలుపుతున్న రాగి తీగ మీ క్యాట్ 6 ఒక్కటే అయితే ఆ తేడా అంతా దాని రెండు కొసల మీద పడుతుంది. అక్కడ కొత్త కార్డు పెట్టినా వచ్చే వానాకాలానికి మళ్ళీ అదే కథ. భవనం దాటే చోట రాగి వద్దు. ఫైబర్ (వెలుగుతో సిగ్నల్ మోసే తీగ) వేసి, రెండు కొసల్లో బొమ్మను వెలుగుగా, వెలుగును తిరిగి బొమ్మగా మార్చే ఫైబర్ ఎక్స్‌టెండర్లు పెట్టండి. ‘ఆప్టికల్ హెచ్‌డీఎంఐ’ పేరుతో అమ్మే తీగలలో చాలావాటిలో ఫైబర్‌తో పాటు సన్నని రాగి తీగలు కూడా ఉంటాయి, అవి ఈ పనికి చాలవు. రెండు కొసల మధ్య ఫైబర్ మాత్రమే ఉండే జత కావాలి.

మా రాయగడలో లాగానే మీ కొండ అంచున కూడా నేల రాయి కలిసి ఉంటుంది. ఎండాకాలంలో గుంత ఎండిపోయి ఎర్త్ నిరోధం పెరుగుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత జీఐ పైపు గుంత అయితే నీళ్ళు పోయించండి. ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, ఎర్తింగ్‌కు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం సరిచేయించండి. ఆ లోపు ర్యాకు దగ్గర న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిచి ఇక్కడ రాయండి. రెండు మూడు వోల్టులు దాటితే ఆ ర్యాకుకు ఏ కొత్త పరికరమూ తగిలించకండి.

పర్లాకిమిడి వాసి

మీ ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినవి చెప్పినట్టే చేశాను. ఈడీఐడీని అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులకూ 1080కి స్థిరం చేయగానే టీవీ, ప్రొజెక్టర్ రెండూ ఒకేసారి వెలిగాయి. హెచ్‌డీసీపీ ఆపిన పోర్టులో మూడు వేర్వేరు ల్యాప్‌టాప్‌లు పెట్టి చూశాను, రికార్డింగ్ గదిలో మూడూ వచ్చాయి. పిడుగు తగిలిన కార్డును పక్క స్లాటుకు మార్చితే లోపం కార్డుతో పాటే వచ్చింది కనుక ఫ్రేము బాగానే ఉందని తేలింది. అయితే అదే కార్డులోని మిగతా మూడు పోర్టులు పనిచేస్తూనే ఉన్నాయి. అవతలి భవనానికి వేరే మీటరు, వేరే గుంత ఉన్న మాట నిజమే. న్యూట్రల్, ఎర్త్‌ల మధ్య మా ర్యాకు దగ్గర 7 వోల్టులు చూపించింది, గుంతలో నీళ్ళు పోయించి, తుప్పు పట్టిన బిగింపును కొత్తది చేయించాక 1.5కు దిగింది.

పెద్ద మందిరం మాత్రం లొంగలేదు. తీగను రెండవ కార్డుకు మార్చినా మధ్యాహ్నం అదే తీరు. ఆ తీగ రేకుల పైకప్పు కింద, ఫ్యాన్ల కరెంటు తీగలతో ఒకే కట్టగా వెళుతోంది. కార్డు నిర్దోషి అని అర్థమైంది గాని, తీగలో ఏ లోపమో తెలియక మొత్తం 60 మీటర్లూ పీకించడానికి వెనకాడుతున్నాను. ఇంకొక సందేహం కూడా ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మ్యాట్రిక్స్ తన పాత కలయికలు మరిచిపోతోంది, గోడ మీది టచ్ ప్యానెల్ కూడా కొన్నిసార్లు దానితో మాట్లాడడం మానేస్తోంది.

జయపురం విశ్రాంత ప్రసార సాంకేతికుడు (జవాబు)

తీగను పీకించేముందు పది నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. తీగను రెండు వైపులా పరికరాల నుంచి తీసేసి, ప్రొజెక్టర్ వైపు కొసలో ఒక జత, అంటే నారింజ, నారింజ-తెలుపు పోగులను ఒకదానితో ఒకటి కలపండి. ర్యాకు వైపు అదే జత మధ్య మల్టీమీటర్‌తో నిరోధం కొలవండి. 24 గేజీ ఘన రాగి పోగు మీటరుకు 0.084 ఓమ్‌లు ఉంటుంది. మీ 60 మీటర్లు పోయి రావడానికి 120 మీటర్లు గనుక సుమారు 10 ఓమ్‌లు రావాలి, 23 గేజీ అయితే 8 దగ్గర. అంతకు మించి 14, 15 వస్తే అది బహుశా రాగి పూత పూసిన అల్యూమినియం తీగ. అల్యూమినియం వాహకత రాగిలో 60 శాతం చిల్లర మాత్రమే. బజారులో సగం ధరకు దొరికే క్యాట్ 6 పెట్టెలలో ఈ రకమే ఎక్కువ, కంప్యూటర్ నెట్‌వర్క్‌కు ఏదో విధంగా నెట్టుకొస్తుంది గాని హెచ్‌డీబేస్‌టీకి ఊపిరి చాలదు. పైగా రాగి తీగకైనా అల్యూమినియం తీగకైనా ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే నిరోధం సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఎండలో కాలిన రేకు కింద ఉదయానికీ మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా అంటే పది శాతం. ఉదయం అంచున నిలిచిన సిగ్నల్ మధ్యాహ్నం ఎందుకు జారిపడుతోందో దీనితో తెలుస్తుంది.

కొత్త తీగ వేసేటప్పుడు ఘన రాగి, కవచం ఉన్న క్యాట్ 6ఏ రకం తీసుకోండి. ర్యాకు నుంచి ప్రొజెక్టర్ దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా, కరెంటు తీగలకు కనీసం జానెడు ఎడంగా, రెండు కొసలా ఒకే రంగుల వరుసలో కట్టించండి. వీలైతే రేకు కింద కాకుండా గోడ వెంట తీసుకెళ్ళండి, నాలుగు మీటర్లు పెరిగినా నష్టం లేదు. పనివారు ఆర్‌జే-45 కొసను చూసి దానిని నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించే ప్రమాదం ఉంది. హెచ్‌డీబేస్‌టీ ఈథర్నెట్ కాదు, పోర్టు ఆకారం మాత్రమే ఒకటి. కొన్ని కార్డులు అదే తీగలో రిసీవర్‌కు కరెంటు కూడా పంపుతాయి కనుక కొస మీద ఎర్ర టేపు చుట్టించండి.

కలయికలు మరిచిపోవడం లోపం కాకపోవచ్చు. కంట్రోల్ కార్డు సెట్టింగులలో, కరెంటు వచ్చాక చివరి స్థితికి వెళ్ళాలా, ఫలానా ప్రీసెట్‌కు వెళ్ళాలా, ఖాళీగా ఉండాలా అన్న ఎంపిక ఉంటుంది. రోజూ వాడే కలయికను మొదటి ప్రీసెట్‌గా దాచి, దానినే ఎంచుకోండి. టచ్ ప్యానెల్ నెట్‌వర్క్ మీద నడుస్తుంటే, మ్యాట్రిక్స్‌కు స్థిరమైన ఐపీ చిరునామా ఇచ్చి, అదే చిరునామా రౌటర్ మరెవరికీ పంచకుండా చూడండి. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఎవరో ముందు లేచి దానిని తీసుకుంటున్నారని నా ఊహ. ఆర్‌ఎస్-232 (పాత సీరియల్ రకం) తీగ మీద నడుస్తుంటే రెండు వైపులా వేగం ఒకటేనా చూడండి. 9600, ఎనిమిది డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అన్నది ఎక్కువగా కనిపించే అమరిక. పవర్ సప్లైలు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి ఉంటే రెండు ఉన్న ప్రయోజనం పోయినట్టే. ఒకటి యూపీఎస్‌కు, రెండవది వేరే సర్క్యూట్‌కు ఇవ్వండి.

బరంపురం మిత్రునితో ఒక్క విషయంలో విభేదిస్తాను. కార్డు మార్చేటప్పుడు తప్పక కరెంటు ఆపాలన్న నియమం అన్ని ఫ్రేములకూ వర్తించదు. ప్రసార కేంద్రాలలో నడుస్తున్న ఫ్రేములోనే కార్డు మార్చడానికి అనువుగా వాటిని తయారు చేస్తారు, ఒక్క కార్డు కోసం చానల్‌ను ఆపలేరు కదా. తయారీదారు పుస్తకంలో ఆ మాట స్పష్టంగా ఉంటేనే ఆ పని చేయాలి. లేదంటే ఆయన చెప్పిందే మంచిది.

ఖాళీ స్లాట్లకు మూత పలకలు ఈ వారమే బిగించండి. అవి లేకపోతే ఫ్యాను లాగే గాలి కార్డుల మీదుగా వెళ్ళకుండా దగ్గరి కన్నం లోంచే వచ్చిపోతుంది. నేను పనిచేసిన చోట ఒక ఫ్రేము కన్నంలో బల్లి దూరి, పవర్ సప్లై మీద పడి చచ్చి, తనతో పాటు ఆ సప్లైని కూడా తీసుకుపోయింది. ఫ్యాను జల్లెడను ఎండాకాలంలో నెలకోసారి, మిగతా కాలంలో రెండు నెలలకోసారి దులిపితే చాలు. ఎస్‌డీఐ తీగల గురించి మీరు అడగలేదు గనుక ఒక్క మాటే చెబుతాను. కెమెరా 3జీ-ఎస్‌డీఐ అయితే సెకనుకు 2.97 గిగాబిట్లు ప్రయాణిస్తాయి, సీసీ కెమెరాల కోసం కొన్న చౌక కోయాక్స్‌ను దానికి వాడకండి.

బరంపురం బిగింపులవాడు

జయపురం పెద్దాయన సవరణను ఒప్పుకుంటున్నాను. నేను బిగించే పెట్టెలన్నీ కల్యాణ మండపాలకూ ఆడిటోరియాలకూ వెళ్ళేవే. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో తప్ప వాటికి విశ్రాంతి దొరకని పూట ఉండదు, అందుకే కరెంటు ఆపి చేయడం నాకు అలవాటైంది. ఒక్కటి చేరుస్తాను. కొత్త కార్డు కొనేటప్పుడు మీ కంట్రోల్ కార్డులోని ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ నంబరును అమ్మేవారికి ముందే చెప్పండి. పాత ఫ్రేము కొత్త కార్డును గుర్తించకపోతే, మంచి కార్డునే చెడ్డదని వెనక్కి పంపేవారు చాలామంది ఉన్నారు.

పర్లాకిమిడి వాసి

నిరోధం కొలిచాను. నారింజ జతకు 15.8, నీలం జతకు 16.1 ఓమ్‌లు వచ్చింది. కొసను బ్లేడుతో గీకి చూస్తే పూత కింద తెల్లని లోహం బయటపడింది. పాత పెట్టె మీద మాత్రం ‘శుద్ధ రాగి’ అనే రాసి ఉంది.

కమిటీ ముందు ఫ్రేము ధర పెట్టవలసిన అవసరం రాలేదు. ఘన రాగి తీగ ఒక చుట్ట, ఫైబర్ ఎక్స్‌టెండర్ల జత, మూత పలకలు రెండు అడిగితే ఆ పూటే ఒప్పుకున్నారు. పిడుగు తగిలిన కార్డులో మూడు పోర్టులు బాగున్నాయి కనుక దానిని అలాగే ఉంచి, నాలుగవ పోర్టు మీద ‘పనిచేయదు’ అని చీటీ అంటించాను. అవతలి భవనానికి ఇక హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ కార్డు నుంచి ఫైబర్ మీదుగా బొమ్మ వెళుతుంది. టచ్ ప్యానెల్ సంగతి మీరు ఊహించినట్టే అయింది. కార్యాలయంలోని ప్రింటర్ కరెంటు రాగానే మ్యాట్రిక్స్ చిరునామాను తీసుకుంటోంది.

తీగ పని ఆదివారం నాడు ముగిసింది. సోమ, మంగళ వారాలలో సాయంత్రం ఐదింటి దాకా ప్రొజెక్టర్‌ను ఆపకుండా నడిపించాను, ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. కొత్త తీగ అదే లెక్కన 8.3 ఓమ్‌లు చూపించింది. ఈ అంకెలను, పోర్టుల పట్టికను ఒడియాలోనూ తెలుగులోనూ రాసి ర్యాకు తలుపు లోపలి వైపు అంటించాను, ఎందుకంటే మా ఆపరేటర్ ఒడియా చదువుతాడు, తీగలు లాగే వ్యక్తికి తెలుగు ఒక్కటే వచ్చు.